పదకొండో కాగితం మీద నాలుగు గీతలు

పర్ణశాల దగ్గర, మన ఇల్లు
ఫిబ్రవరి 8, ఆదివారం

చిరంజీవి తమ్ముడు రవీందర్‌కి,

అక్క శ్యామల దీవెనలు. ఇక్కడ అమ్మ, నేను, మీ బావ, రెండు మేకలు బాగున్నాం. మూడో మేక కూడా బాగానే ఉంది కానీ దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఎందుకో కింద రాస్తాను. అక్కడ ఆ ఇసుకలో పరుగులు పెడుతున్న నీ కాళ్ళు, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పొద్దునే ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకంటావేమో. జవాను ట్రైనింగులో మీ ఉస్తాదు ఆదివారం ఫోనుకు ఇచ్చే అరగంటలో ఇరవై నిమిషాలు నువ్వేం తిన్నావో అడగడానికే అమ్మకు సరిపోయింది. పైగా చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదని స్పీకరు పెట్టిస్తుంది. స్పీకరు పెడితే వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నీ కుశలం అడుగుతారు. కొన్ని సంగతులు అట్లా నలుగురి మధ్య చెప్పేవి కావు. అందుకని నీ పోయిన ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వరసగా జవాబులు రాయమని అడగకు, నాకు తోచిన వరసలో రాస్తాను.

అమ్మ మోకాలు కొంచెం నయం. భద్రాచలం దవాఖానాలో ఇచ్చిన గోలీలు మింగుతోంది, డాక్టరు కూర్చోవద్దన్న పీట మీదే కూర్చుంటోంది. మీ బావ సారపాక కాగితం మిల్లు దగ్గర జామాయిల్ కర్ర లారీలు దింపే కాంట్రాక్టు పనికే పోతున్నాడు. నా అంగన్‌వాడీలో పిల్లలు పంతొమ్మిది మంది, కోడిగుడ్డు రోజున ఇరవై ఆరుగురు.

నీ పక్క మంచం బికనీరు అబ్బాయికి పడిగె అంటే ఏమిటో హిందీలో చెప్పలేకపోయానన్నావు. ఇట్లా చెప్పు. అది మూడు మూలల పెద్ద గుడ్డ. దాని మీద మన ఇంటిపేరు వాళ్ళ తాతముత్తాతల కథంతా బొమ్మలుగా కత్తిరించి కుట్టి ఉంటుంది. వేల్పుల కొలుపు రోజున దాన్ని వెదురుకర్రకు కట్టి నిలబెడితే, కొలుపు చేయించే వడ్డె చేతిలో పుల్లతో ఒక్కో బొమ్మనూ ముట్టుకుంటూ ఆ బొమ్మ కథ పాడతాడు. మన వడ్డె మా పెదనాయన వీరన్న అని కూడా చెప్పు. వరదలో ఆ గుడ్డ పోయిందనీ, మూడేళ్ళుగా మాకు కొలుపు లేదనీ, ఇప్పపూలు రాలే నాటికి కొత్తది కుట్టకపోతే డెబ్బై ఎనిమిదేళ్ళ మా పెదనాయన పాట ఆయనతోనే పోతుందనీ చెప్పు. నా డిగ్రీ స్నేహితుడు కెమెరాతో తీసిన పాత పడిగె ఫోటో ఒక్కటి నా లాప్‌టాప్‌లో మిగిలి ఉండబట్టే మా అక్క స్క్రీన్ మీద కాగితం పెట్టి గీస్తోందని చెప్పు. నమ్మకపోతే నేనేం చేయలేను.

ఇక లాప్‌టాప్. బాగుందా, ఎవరైనా స్క్రీన్ నొక్కారా అని మూడుచోట్ల రాశావు. అమ్మ మోకాలి గురించి ఒక్కచోటే రాశావు. పోనీలే. నువ్వు చెప్పినవన్నీ చేశాను, చెప్పనివి ఇంకో నాలుగు చేశాను.

మొదటిరోజు పెదనాయన్ని పిలిచి ఫోటో తెరిచాను. ఆయన భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుని లాప్‌టాప్ ముందు సాగిలపడ్డాడు. లేచి చెంబులో పసుపునీళ్ళు తీసుకుని చల్లబోతుంటే నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను.

“పెదనాయనా, నీళ్ళు పడితే పాడైతది.”

“వేల్పు కండ్లవడ్డంక బొట్టు వెట్టకుంట ఎట్ల ఊకుంట బిడ్డా?”

“బావా, గది రవి మిషను. వాడు అచ్చి నా మీద లొల్లి చేస్తడు,” అంది అమ్మ.

చివరికి అంగన్‌వాడీలో చార్టుల మీద వేసే ప్లాస్టిక్ షీటు తెచ్చి స్క్రీన్ మీద పరిచాను. ఆయన ఆ షీటుకు బొట్టు పెట్టాడు. అదే షీటు తర్వాత నాకు పనికొచ్చింది. పెన్సిలు మొన స్క్రీన్‌కు తగలదు, పొడి రాలినా దాని మీదే రాలుతుంది. కాబట్టి నీ లాప్‌టాప్‌ను కాపాడింది పెదనాయన భక్తే అనుకో.

ప్రింటు తీయిస్తే పోయేది కదా అని నువ్వు అన్నావు. భద్రాచలంలో అడిగాను. పెద్దగా చేస్తే ఫోటో గళ్ళుగళ్ళుగా విడిపోతోంది. ఫ్లెక్సీ వేస్తానన్నాడు దుకాణంవాడు. ఆ మాట పెదనాయనతో అంటే, “ఫ్లెక్సీ మీద ఓట్లడిగేటోళ్ళు ఉంటరు, వేల్పులుంటరా?” అన్నాడు. అక్కడితో అయిపోయింది.

కాగితం కోసం ఇంకో తమాషా. మిల్లు పక్కన పనిచేస్తూ నీకు కాగితం తేలేనా అని మీ బావ ఎవరినో అడిగి రెండు అట్టలు తెచ్చాడు. ఎంత దళసరివంటే స్క్రీన్ వెలుగు పూర్తిగా పెట్టినా ఇవతలికి చుక్క కనబడలేదు. వాటిని నీళ్ళకుండల మీద మూతలు వేశాం. ట్రేసింగ్ కాగితం కోసం నేనే బస్సెక్కి పోయాను. “ఇంజనీరింగ్ చదువుతున్నరా మేడం?” అని అడిగాడు దుకాణం పిల్లాడు. అవ్ అన్నాను. ముప్పై నాలుగేళ్ళ వయసులో అంత మాట అన్నవాణ్ణి కాదనడం ఎందుకు.

మూత బలవంతంగా వెనక్కి వాల్చొద్దన్నావు కదా. ఎంతవరకు వంగుతుందో అంతవరకే వంచి, వెనక దుప్పటి మడతపెట్టి ఆసరా ఇచ్చాను. కాగితాన్ని నల్ల అంచుకు మాత్రమే అంటించాను, అదీ దవాఖానాలో కట్టు మీద వేసే కాగితం టేపుతో. పీకితే జిగురు మిగలదు. పెన్సిలు మెత్తది తెచ్చి, మొనను గచ్చు మీద అరగదీసి గుండ్రం చేశాను. చేతి బరువు స్క్రీన్ మీద పడకూడదన్నావు. అందుకని రెండు పక్కలా నువ్వు హాస్టల్ నుంచి తెచ్చిన ఇంటర్ పుస్తకాలు ఎత్తుగా పేర్చి, వాటి మీద ఒక చెక్క అడ్డంగా వేసి, దాని మీద మణికట్టు ఆనించుకున్నాను. నా చేతి బరువంతా నీ ఫిజిక్స్ మోసింది. అది చదివిన నీకేం ఒరిగిందో తెలియదు, నాకు మాత్రం ఒరిగింది.

గాజుల దగ్గర పెద్ద గొడవైంది. గాజు స్క్రీన్‌కు గీసుకుంటుందని తీయబోతే అమ్మ ఒప్పుకోలేదు.

“మొగడు ఊర్లనే ఉండంగ గాజులు తీస్తవా? ఏం చదువుకున్నవే నువ్వు?”

“గీత పడితే రవి ఏమంటడో తెల్సా?”

“వాడేమన్న అననియ్. చేతులు బోసిగ పెట్టకు.”

అప్పుడు తన పాత చీర కొంగు చింపి నా గాజుల మీద అమ్మే గట్టిగా చుట్టింది. చెయ్యి విరిగినదానిలా రోజూ కట్టుతో కూర్చుని గీశాను. చూసినవాళ్ళు ఎక్కడ పడ్డావని అడిగారు.

అంగన్‌వాడీ ముగిశాక మధ్యాహ్నం పూట కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసుకునేదాన్ని. లోపల రేకుల వేడి. చెమటచుక్క రాలకుండా నుదుటికి తువ్వాలు. అరగంటకోసారి ఆపి లాప్‌టాప్‌ను చల్లారనిచ్చేదాన్ని. మొదటిరోజు గీస్తుండగానే స్క్రీన్ నల్లబడిపోయింది. చచ్చిపోయిందనుకుని నేను చచ్చినంత పనైంది. నీ ఉత్తరం నాలుగో పేజీలో, వాడకపోతే దానంతటదే నిద్రపోతుంది, ఆ సెట్టింగు ఇట్లా మార్చు అని ఉంది. ఆ ముక్క మొదటి పేజీలో రాయాల్సింది.

ఒక్కసారి మాత్రం అమ్మ పులి బొమ్మను వేలితో నొక్కి కళ్ళకద్దుకుంది. నొక్కినచోట నీళ్ళలో కిరసనాయిలు పడ్డట్టు రంగులు విచ్చుకున్నాయి. వేలు తీయగానే పోయాయి. మచ్చ పడలేదు, నాలుగుసార్లు చూశాను. కానీ ఆ రంగులు ఎందుకు వస్తాయిరా? లోపల నీరులాంటిది ఏమైనా ఉంటుందా? తెలిస్తే రాయి.

బొమ్మ అంతా ఒక్కసారి పట్టదు కాబట్టి, ఒకే కొలతలో పెద్దది చేసి పన్నెండు ముక్కలుగా గీశాను. బొమ్మ కదలకుండా, వేలితో రాసే ఆ నున్నటి పలక మీద అట్ట కప్పి టేపు వేశాను. అంత దగ్గరగా చూస్తే ఎన్ని వింతలో. ఎప్పుడో ఎవరో పులితోక చిరిగితే నీలంగళ్ళ చొక్కా ముక్కతో అతుకు వేశారు. ఒక గుర్రానికి అయిదు కాళ్ళున్నాయి. అయిదోది కాలు కాదు, సొరకాయ బుర్ర అన్నాడు పెదనాయన. ఇన్నేళ్ళు కొలుపులో దూరం నుంచి దండం పెట్టుకున్నామే కానీ వీటిని చూసింది లేదు. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా, ఇవాళ ఏ ముక్కలో ఏం బయటపడుతుందా అని పిల్లలకు పాటలు చెప్తూ కూడా అదే ధ్యాసలో ఉండేదాన్ని.

ఏడో కాగితంలో ఏనుగు. ఆరబెట్టినట్టు వాకిట్లో పెట్టి నీళ్ళకు పోయి వచ్చేసరికి మూడో మేక దాన్ని నమిలి మింగింది. మళ్ళీ గీశాను. ఏనుగును తిన్న మేక మన మండలంలో అదొక్కటే అని మీ బావ ఊరంతా చెప్పుకుంటున్నాడు.

పోయిన మంగళవారం పన్నెండు కాగితాలూ అతికించి నేల మీద పరిచాం. సరిగా ఉందో లేదో చూడడానికి పెదనాయనకు ఒకటే దారి, పాడడం. ఆయన చూపు ఆనడం లేదని నీకు తెలుసు. పుల్ల పట్టుకుని, మొహం కాగితం మీదికి వంచి, ఒక్కో బొమ్మ ముట్టుకుంటూ మన కోయమాటలో పాడుకుంటూ వచ్చాడు. ఏనుగు దాటాడు, గుర్రం దాటాడు, ఏరు దాటాడు. పదకొండో కాగితం అంచు దగ్గర పుల్ల ఆగింది.

“ఇవేంది బిడ్డా?”

అక్కడ పక్కపక్కన నాలుగు గీతలు ఉన్నాయి. పొడుగ్గా, కొనలు గుండ్రంగా. నాలుగోది పొట్టి.

“ఫోటోలున్నయే గీసిన పెదనాయనా.”

“ఇక్కడ నాకు పాట లేదు.”

మీ బావ వెదురు మొలకలన్నాడు. అమ్మ పాములంది. పెదనాయన మళ్ళీ మొదటినుంచి పాడాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఆయన భయం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. గీత తప్పని కాదు, పాటలో ఒక చరణం తాను మర్చిపోయానని. బుధవారం ఆయన అన్నం తినలేదని పెద్దమ్మ వచ్చి చెప్పింది. గురువారం వచ్చి, “నా తలకాయల నుంచి పోయినట్టుంది బిడ్డా. మా నాయన చెప్పిందే, నాకు యాదికస్తలేదు,” అన్నాడు. అంతటి మనిషి నా ముందు తలవంచుకుని నిలబడితే చూడలేకపోయాను.

అప్పుడు మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. ఈసారి కాగితం పెట్టలేదు, దుప్పట్లు కట్టలేదు. ఆ మూల దగ్గర బొమ్మను నెమ్మదిగా చిన్నది చేస్తూ పోయాను. గోధుమరంగు గుడ్డ మీద గోధుమరంగులో నాలుగు వేళ్ళు. గుడ్డను చాచి పట్టుకున్న చెయ్యి. కాగితం లోంచి చూస్తే అంచులే కనబడతాయి కదా, ఏది కుట్టు, ఏది మనిషి అని తెలియలేదు, అన్నీ గీసేశాను. చిటికెనవేలు సగమే ఉంది. కొడవలికి తెగిన ఆ వేలు ఎవరిదో నీకు చెప్పాలా?

“నాయన,” అన్నాను.

అమ్మ పీట మీద నుంచి లేచి వచ్చింది. ఈసారి నొక్కలేదు. స్క్రీన్‌కు కొంచెం దూరంలో అరచెయ్యి అట్లా పెట్టి ఉంచింది.

పెదనాయన చాలాసేపు కళ్ళు చికిలించి చూశాడు. ఆ వేళ్ళ కింద ఏముండేదని అడిగాను. ఉత్త అంచు గుడ్డేనట, బొమ్మ లేదట. ఆయన పాట ఒక్క ముక్కా పోలేదు. రబ్బరు తీసుకుని తుడిచేస్తానన్నాను.

“తుడువకు. అవి గూడ కుట్టుర్రి,” అన్నాడు. “వరదల పడిగె పెట్టె మర్సిపోయిండని మూడేండ్ల సంది నా తమ్ముని మీద కోపమే పెట్టుకున్న. వాడు సచ్చిన నాడు గూడ గదే మనసుల ఉన్నది. ఇగో, ఎంత గట్టిగ పట్టుకున్నడో సూడు. పుల్ల ఈడికచ్చినంక నా తమ్ముడు జంపయ్య పట్టిండని పాడుత. గా వేళ్ళెవ్వరియని కొలుపుల అడిగితే నువ్వే చెప్పాలె. గీసింది నువ్వు గద,” అన్నాడు.

రవీ, నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న ఇప్పుడు రాస్తాను. ఇల్లు కాలినా ముందు పడిగె పెట్టే బయటికి తెస్తాననే మనిషి నాయన, ఆ రోజు ఎట్లా మర్చిపోయాడు అని అడిగావు. వరదప్పుడు నువ్వు పరీక్షలకని ఖమ్మం హాస్టల్లో ఉన్నావు. నీకు అందరూ చెప్పిందే తెలుసు.

నాయన మర్చిపోలేదు. ట్రాక్టరు వాకిట్లోకి వచ్చింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నాయనమ్మను భుజాన వేసుకుంటూ, “శ్యామలా, అటక మీది పెట్టె దించు,” అని నాకు చెప్పాడు. నేను లోపలికి పోయాను. నిచ్చెన అక్కడే ఉంది. కొక్కేనికి నీ లాప్‌టాప్ సంచి వేలాడుతోంది, దాని అడుగు అప్పటికే నీళ్ళకు తగులుతోంది. అది కొనడానికి నాయన రెండు ఎండాకాలాలు తునికాకు కల్లంలో పడిన కష్టం నా కళ్ళముందు ఉంది. అటక మీదికి నీళ్ళు ఏనాడూ రాలేదు, పెట్టె అక్కడ భద్రంగా ఉంటుందనుకున్నాను. సంచి తీసుకుని వచ్చేశాను. “పెట్టె ఏది?” అన్నాడు. “అందలేదు నాయనా,” అన్నాను.

అబద్ధం. నిచ్చెన ఎక్కనే లేదు. నాలుగో రోజు క్యాంపు నుంచి వచ్చి చూస్తే గోడలు లేవు, అటకా లేదు.

ఆ తర్వాత మనవాళ్ళంతా కూర్చున్నప్పుడు నాయన లేచి, “నేనే మర్సిపోయిన,” అన్నాడు. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని తలెత్తలేదు. ఆ రోజు నుంచి చుట్టాల కొలుపుల్లో కూడా ఆయన పడిగె కర్ర ముట్టుకోలేదు, వెనక నిలబడేవాడు. నా అబద్ధం నమ్మి అట్లా అన్నాడో, నా చేతిలో సంచి చూసి అంతా తెలిసే తన మీద వేసుకున్నాడో నాకు తెలియదు. ఆయన ఆ మరుసటి ఏడు చలికాలం దాకా బతికే ఉన్నాడు. అడగలేదు. అడిగితే నిజం చెప్తాడని భయం.

నువ్వు తెచ్చిన సంచిలోనే ఫోటో ఉంది కదక్కా అంటావు. ఫోటో ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలియని మంచిపని నా లెక్కలో వేసుకోను.

గురువారం పెదనాయన ఆ మాట అన్నప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. మూడు రోజులుగా గోధుమరంగు గుడ్డ ముక్క ఒళ్ళో పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను, తీస్తున్నాను. ఆ వేళ్ళు నాయనవని చెప్పాలంటే, పెట్టె వదిలింది నాయన కాదని కూడా చెప్పాలి. సగం చెప్పి ఊరుకుంటే ఆయన్ని మళ్ళీ అందరి వెనక నిలబెట్టినట్టే. కొలుపు దాకా ఆగను. రేపు పొద్దున్నే పదకొండో కాగితం తీసుకుని పెదనాయన ఇంటికి పోతున్నాను. దారిలోనే ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను, మళ్ళీ మనసు మార్చుకోవడానికి వీల్లేకుండా. ఆయన గడప ఎక్కనివ్వకపోయినా, ఆ వేళ్ళు నా చేత కుట్టించకపోయినా సరే. అమ్మ కుడుతుంది, నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తాను.

వచ్చే ఆదివారం స్పీకర్లో ఈ సంగతి ఎత్తకు. తిన్నావా అని మాత్రం అడుగు. తిన్నానంటే పెదనాయన మాట్లాడాడని అర్థం చేసుకో. ఒళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
పెట్టె వదిలి నీ సంచి తెచ్చిన
మీ అక్క
శ్యామల